రోబో పక్కన పని చేసేవాళ్లు: మీకూ ఇలాగే ఉందా, లేక నాదే చాదస్తమా?

మూడోస్టేషన్
పంపుల అసెంబ్లీలో పదకొండేళ్లుగా ఉన్నాను. నాలుగు నెలల కిందట నా పక్కన కోబాట్, అంటే మనిషి పక్కనే ఉండి పని చేసే రోబో, పెట్టారు. కంచె లేదు, అద్దం లేదు, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. అది హౌసింగ్ (పంపు పై డొల్ల) తీసి ఫిక్స్చర్‌లో, అంటే దాన్ని కదలకుండా పట్టే చట్రంలో, పెడుతుంది. నేను సీల్ వేసి, నాలుగు బోల్టులు బిగించి, టార్క్ (బిగువు) చూసి పక్కకు జరుపుతాను. బరువెత్తే బాధ పోయింది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ షిఫ్ట్ అయ్యేసరికి మునుపటికంటే ఎక్కువ అలిసిపోతున్నాను. ఒంటి అలసట కాదు. పొద్దంతా ఎవరో వెనకాల నిలబడి నా చేతులనే చూస్తున్నట్టు ఉంటుంది. భుజాలు బిగబట్టుకుని ఉన్నానని ఇంటికి వెళ్లాక గాని తెలియదు. పోయిన నెల మూడుసార్లు సీల్ తిరగేసి వేశాను. పదకొండేళ్లు మొత్తం కలిపినా అన్నిసార్లు వేసి ఉండను.

పైవాళ్లకు చెబితే "అది తగిలినా దెబ్బ తగలదు, సర్టిఫికెట్ ఉంది" అంటున్నారు. తగులుతుందని కాదు నా భయం. మరేంటో నాకూ సరిగ్గా చెప్పడం రావట్లేదు. ఇక్కడ ఎవరికైనా ఇలా ఉందా?

గోడమీదపిల్లి
మీ పక్కన రోబో ఉంటుంది, నా పక్కన మా మేనేజర్ ఉంటాడు. మార్చుకుందామా? పైన కొంత డబ్బు కూడా ఇస్తాను.

నిప్పురవ్వ
నాకైతే రోబో వచ్చాకే నిద్ర పడుతోంది. ఇరవై ఏళ్లు స్పాట్ వెల్డింగ్ గన్ను లాగాను. పైన బ్యాలెన్సర్‌కు వేలాడుతుందన్న పేరే గాని, రోజుకు వందలసార్లు అటూ ఇటూ తిప్పితే దాని బరువెంతో భుజానికే తెలుసు. ఇప్పుడు ఆ పని కంచె లోపల ఆరు రోబోలు చేస్తున్నాయి. నేను బయట ప్యానెళ్లు ఎక్కించి గేటు వేస్తాను, అంతే. అసలు మొట్టమొదటి రోబోను పెట్టిందే మనిషి చేతులు కాలే పనికి. 1961లో అమెరికాలో, న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో, కరిగిన లోహాన్ని అచ్చులో పోసే డై కాస్టింగ్ మిషన్‌లోంచి కాలుతున్న ముక్కలు తీయడానికి. యూనిమేట్ దాని పేరు. అలాంటి పని పోయిందని ఎవరైనా ఏడుస్తారా? కొత్త చెప్పు కరుస్తుంది తమ్ముడూ. నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది.

మూడోస్టేషన్
తమ్ముడు కాదు బాబాయ్, అమ్మాయిని. కొత్త చెప్పు నాలుగు రోజులు కరుస్తుంది, నాలుగు నెలలు కాదు. పైగా మీ రోబోలు కంచె లోపల ఉన్నాయి. నాది నా ఒళ్లో కూర్చున్నట్టు ఉంది.

నిప్పురవ్వ
సరేనమ్మా, తప్పయింది. కంచె లేకుండా అయితే నేనూ పని చెయ్యలేదు.

పెండెంట్_ప్రసాద్
నేను పెట్టే వైపు మనిషిని, అంటే రోబోలకు ప్రోగ్రామ్ రాసి లైన్‌లో నిలబెట్టే పని నాది. అందుకని కొంచెం మా వైపు మాట కూడా వినండి. కోబాట్ మనిషికి తగిలితే ఎంత బలం దాకా ఫర్వాలేదు అన్నదానికి లెక్క ఉంది. 2016లో వచ్చిన ఐఎస్ఓ/టీఎస్ 15066 అనే అంతర్జాతీయ భద్రతా ప్రమాణంలో ఒంటి మీద 29 చోట్లకు విడివిడిగా హద్దులు ఇచ్చారు. వేలికి ఒకటి, తొడకు ఒకటి, ఛాతీకి ఒకటి. ముఖానికీ తలకూ అసలు తగలకూడదు. ఆ లెక్క ప్రకారమే వేగం కడతాం. సరిగ్గా పెట్టిన కోబాట్ పక్కన మీరు స్క్రూడ్రైవర్ జారి గుచ్చుకుని గాయపడే అవకాశమే ఎక్కువ.

మీది ఏ వేగంలో నడుస్తోంది? హౌసింగ్ కాకుండా గ్రిప్పర్‌కు, అంటే దాన్ని పట్టుకునే వేళ్లకు, పదునైన అంచులేమైనా ఉన్నాయా?

మూడోస్టేషన్
చూశారా, మళ్లీ దెబ్బ దగ్గరికే వచ్చారు. తగులుతుందని కాదు అని మొదటి పోస్టులోనే రాశాను అన్నా.

గోడమీదపిల్లి
ప్రసాద్ అన్నకు 29 చోట్లు తెలుసు. ముప్పైయో చోటు మనసు. దానికి ఐఎస్ఓ ఇంకా రాలేదు.

స్పానర్‌స్వామి
మెయింటెనెన్స్. పద్నాలుగేళ్లు.

మీకేమవుతోందో నాకు తెలుసు అనుకుంటున్నాను. మనిషి పక్కన పని చేసినప్పుడు అతను ఎప్పుడు కదులుతాడో మనం చూడకుండానే తెలిసిపోతుంది. చెయ్యి కదిలేముందు భుజం కదులుతుంది. భుజానికి ముందు చూపు తిరుగుతుంది. ఊపిరి తీసుకుంటాడు. చెప్పు చప్పుడు అవుతుంది. ఇవన్నీ మనం లెక్కపెట్టుకుని చూడం, ఒళ్లే చూసుకుంటుంది. రోబోకు అవేమీ లేవు. బొమ్మలా ఉంటుంది, ఉన్నట్టుండి కదులుతుంది. కాబట్టి ఒళ్లు పొద్దంతా కాపలా కాస్తుంది. మీ భుజాలు బిగుసుకునేది దానికే.

ఇంకో మాట. రోబోతో పని చేసేటప్పుడు పెండెంట్ (చేత్తో పట్టుకుని రోబోను నడిపే రిమోట్) వెనకాల నొక్కి పట్టుకునే స్విచ్ ఉంటుంది కదా, దానికి మూడు స్థానాలు. వదిలేస్తే ఆగుతుంది, మధ్యలో పడితే నడుస్తుంది, గట్టిగా పిసికినా ఆగుతుంది. ఎందుకంటే హడలిపోయిన మనిషి ఒక్కోసారి చేతిలోది వదిలేస్తాడు, ఒక్కోసారి బిగించేస్తాడు. రెండిట్లో ఏది చేస్తాడో అతనికే తెలియదు. ఆ స్విచ్ చేసినవాడికి మనిషి తెలుసు. మీ స్టేషన్ కట్టినవాడికి తెలిసినట్టు లేదు.

పెండెంట్_ప్రసాద్
ఆ చివరి వాక్యం నాకేనా స్వామీ?

స్పానర్‌స్వామి
గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎందుకు?

కొత్తబ్యాచ్22
నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచీ రోబోతోనే. నాకేమీ అనిపించదు. అది తిట్టదు, పెత్తనం చెయ్యదు, నా మీద ఫిర్యాదు చెయ్యదు. మా సెల్‌లో, అంటే రోబో పని చేసే చోట, దానికి 'పెద్దమ్మ' అని పేరు పెట్టాం. ఆగిపోతే "పెద్దమ్మ అలిగింది" అంటాం. మీరు రోబో లేని రోజులు చూశారు కాబట్టి పోలుస్తున్నారేమో అక్కా.

మూడోస్టేషన్
అది కూడా ఉండొచ్చు. కానీ నువ్వు ఏం పని చేస్తావు? దాని మీద నీ పని ఆధారపడి ఉంటుందా, నీ మీద దాని పనా?

కొత్తబ్యాచ్22
నేను ట్రేలు నింపి పెడతాను. అది తీసుకుంటుంది. ఒక ట్రేకి పావుగంట పడుతుంది దానికి. ఈలోగా నేను వేరే పని చూసుకుంటాను.

స్పానర్‌స్వామి
ఇదిగో, తేడా ఇక్కడే ఉంది. ఈ కుర్రాడికి పావుగంట చేతిలో ఉంది. ఆ అమ్మాయికి ఎన్ని సెకన్లు ఉన్నాయి?

మూడోస్టేషన్
38 సెకన్లు. అందులో నాకు 30 పడుతుంది, బోల్టు సరిగ్గా దిగకపోతే 40.

ఇప్పుడు మీరు అడిగాక ఒకటి గుర్తొచ్చింది. నాకు ఆలస్యమైతే అది తర్వాతి హౌసింగ్ పట్టుకుని ఫిక్స్చర్ మీద గాలిలో ఆగి ఉంటుంది. పైన పసుపు దీపం కొట్టుకుంటుంది. పక్కనున్న స్క్రీన్ మీద "ఆపరేటర్ కోసం వేచి ఉంది" అని వచ్చి, కింద సెకన్లు పెరుగుతుంటాయి. 3, 4, 5… షిఫ్ట్ చివర ఆ సెకన్లన్నీ కలిపి కూడా చూపిస్తుంది. నిన్న 11 నిమిషాలు. పదకొండు నిమిషాలు నేను ఒక మిషన్‌ను నిలబెట్టానని రోజూ నాకు చదివి వినిపిస్తుంది.

నిప్పురవ్వ
ఓరి దీని దుంపతెగ.

భూతద్దం
ఇది ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు కదండీ! వెనకాల ఎవరో నిలబడినట్టు ఉందన్నారు. నిలబడే ఉంది. గడియారం పట్టుకుని.

పెండెంట్_ప్రసాద్
ఒక నిజం చెప్పాలి. ఆ స్క్రీన్ మీకోసం రాసింది కాదు. లైన్ కొత్తగా పెట్టే రోజుల్లో ఎక్కడ టైమ్ పోతోందో చూసుకోవడానికి మాలాంటివాళ్లం రాసుకుంటాం. రోబో దేనికోసం ఆగింది, సెన్సర్ కోసమా, కన్వేయర్ కోసమా, మనిషి కోసమా అని. పని అయ్యాక తీసేయాలి. ఎవరూ తియ్యరు. నేను కూడా తియ్యను, తర్వాత ఫోన్ చేసి "ఎందుకు ఆగింది" అని అడుగుతారు కాబట్టి. "ఆపరేటర్ కోసం వేచి ఉంది" అన్న ఆ మాట చదివే మనిషికి ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. సెన్సర్ కోసం వేచి ఉంది అన్నట్టే అదీ ఒకటి, మాకు.

గోడమీదపిల్లి
సెన్సర్‌కి చదువు రాదు కాబట్టి బతికిపోయింది.

లైన్‌లీడర్
అందరూ ఒకే పక్క మాట్లాడుతున్నారు. ఆ లెక్క లేకపోతే లైన్ ఎక్కడ ఆగుతోందో మాకెలా తెలుస్తుంది? రోజు చివర పైవాళ్లు నన్ను అడుగుతారు, రోబోను కాదు. 38 సెకన్లు అన్నది గాలిలోంచి రాలేదు, టైమ్ స్టడీ చేసి పెట్టింది. ఆవిడే చెప్పారు తనకు 30 పడుతుందని. 8 సెకన్లు ఖాళీ ఉన్నట్టే కదా.

స్పానర్‌స్వామి
8 సెకన్లు ఖాళీ లేదు సార్. ఒకసారి 26 పడుతుంది, ఒకసారి 41. మనిషి పని అలాగే నడుస్తుంది. ఒకదాంట్లో మిగిలినది ఇంకోదాంట్లో వాడుకుంటాడు. ముందు మనిషి మనిషికి అందించినప్పుడు మధ్యలో రెండు పీసులు బల్ల మీద ఆగేవి, ఆ సర్దుబాటు అక్కడ జరిగేది. మీరు బల్ల తీసేసి రోబోను పెట్టారు. ఇప్పుడు 26లో అయిపోతే 12 సెకన్లు చేతులు కట్టుకుని నిలబడాలి, 41 అయితే దోషిలా నిలబడాలి. మిగిలినది దాచుకోవడానికి చోటే లేదు.

మూడోస్టేషన్
స్వామి అన్నా, నాలుగు నెలలుగా నేను చెప్పలేకపోయింది ఇదే.

అరకొరపరిశోధన
నా చదువు దీని మీదే, మనుషులు యంత్రాల పక్కన ఎలా ఉంటారన్నది. అందుకని కొంచెం పొడుగు అవుతుంది, ఓపిక లేనివాళ్లు దాటెయ్యండి.

స్వామి గారు చెప్పిన "ఎప్పుడు కదులుతుందో తెలియదు" అన్నదాని మీద ప్రయోగాలు జరిగాయి. జపాన్‌లో 2010లో అసెంబ్లీ చేసేవాళ్ల చర్మం మీద విద్యుత్ మార్పులు కొలిచారు. రోబో దగ్గరగా, వేగంగా కదిలేకొద్దీ ఒంట్లో టెన్షన్ పెరిగింది. కదలబోతున్నానని ముందే తెలియజేస్తే తగ్గింది. రెండోది, కదలిక తీరు. మన చెయ్యి ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేటప్పుడు కుదుపు వీలైనంత తక్కువ ఉండేలా, మెల్లగా మొదలై మధ్యలో వేగం అందుకుని మెల్లగా ఆగుతుందని 1985లో ఫ్లాష్, హోగన్ అనే ఇద్దరు లెక్క కట్టి చూపించారు. రోబో చెయ్యి కూడా అలా కదిలితే చూసేవాడికి అది ఎక్కడికి వెళ్తోందో త్వరగా అందుతుంది. 2012లో వచ్చిన బాక్స్టర్ అనే రోబోకు ముఖంలా స్క్రీన్ పెట్టి రెండు కళ్లు గీశారు. ముద్దుకి కాదు. చెయ్యి చాపబోయే వైపు ముందు ఆ కళ్లు తిరిగేవి. ఆ కంపెనీ 2018లో మూతపడింది, అది వేరే సంగతి.

ఇంకోటి. ఎంఐటీలో 2015 నాటి ప్రయోగంలో ఒకే పనిని రెండు రకాలుగా చేయించారు. ఒకదాంట్లో రోబో తన దారి తాను పోతుంది. ఇంకోదాంట్లో మనిషి చెయ్యి ఎటు వెళ్తుందో ముందే ఊహించి తప్పుకుని వెళ్తుంది. రెండోదాంట్లో పని సుమారు 5.6 శాతం త్వరగా అయింది, మనిషికీ రోబోకూ మధ్య దూరం సుమారు 15 శాతం ఎక్కువగా ఉంది. అంటే తప్పుకుని పోవడం వల్ల పని నెమ్మదించలేదు, వేగం పెరిగింది. ఇది లైన్‌లీడర్ గారి కోసం.

లైన్‌లీడర్
ల్యాబ్‌లో గంటసేపు చేసిన పని వేరు, ఏడాదంతా మూడు షిఫ్టులు నడిచే లైన్ వేరు.

అరకొరపరిశోధన
అది నిజమే. ఒప్పుకుంటున్నాను.

గోడమీదపిల్లి
ఈ వేదికలో "ఒప్పుకుంటున్నాను" అన్న మాట మొదటిసారి చూస్తున్నాను. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

భూతద్దం
నేను అందరికీ ఎదురు వైపు నుంచి చెప్తాను. మీరంతా టెన్షన్ గురించి మాట్లాడుతున్నారు. నాకు వచ్చిన తిప్పలు టెన్షన్ లేకపోవడం వల్ల.

క్వాలిటీలో సర్క్యూట్ బోర్డులు చూస్తాను. ఇదివరకు ఒక్కదాన్నే చూసేదాన్ని. తర్వాత నా ముందు కెమెరా ఉన్న రోబో పెట్టారు, అది చూసి పంపినవి నేను రెండోసారి చూడాలి. మొదటి రెండు వారాలు దాని తప్పు పట్టుకోవాలని కసిగా చూశాను. ఒకటీ దొరకలేదు. మూడో వారానికి నా కళ్లు బోర్డు మీదే ఉంటాయి, చూపు మాత్రం ఉండదు. పొరపాటున కూడా పక్కకు చూడను, టైమ్ కూడా అంతే తీసుకుంటాను, సోమరితనం అని ఎవరూ అనలేరు. అయినా ఒకరోజు సోల్డర్ కారి రెండు పిన్నుల మధ్య వంతెన కట్టిన బోర్డు నా చేతుల మీదుగా వెళ్లిపోయింది. అంతకుముందైతే అర కిలోమీటరు నుంచి పట్టేదాన్ని.

అరకొరపరిశోధన
మీరు చెప్పింది అచ్చంగా 2023లో బెర్లిన్‌లో తేలింది. 42 మందికి సర్క్యూట్ బోర్డుల బొమ్మలు ఇచ్చి లోపాలు వెతకమన్నారు. సగం మందికి "మీకంటే ముందు పాండా అనే రోబో చూసింది" అని చెప్పి దాని గుర్తులు చూపించారు. రోబో వదిలేసిన ఐదు లోపాలను ఒంటరిగా పని చేసినవాళ్లు సగటున 4.2 పట్టుకుంటే, రోబోతో చేసినవాళ్లు 3.3 పట్టుకున్నారు. చూసిన టైమూ, బోర్డు మీద వెతికిన చోటూ ఇద్దరిదీ దాదాపు ఒకటే. చూస్తున్నారు, కానీ మనసు పెట్టి చూడట్లేదు. పైగా ఎంత శ్రద్ధగా చేశారని అడిగితే ఇద్దరూ ఒకేలా చెప్పుకున్నారు.

భూతద్దం
ఆ చివరి మాటే నన్ను భయపెడుతుంది. నేను కూడా బాగానే చేస్తున్నాననే అనుకున్నాను.

స్పానర్‌స్వామి
భూతద్దం గారు చెప్పింది మాకు ఇంకో రకంగా వస్తుంది. మాకు తప్పు పీసు వెళ్లిపోవడం కాదు, మనిషే పోతాడు.

కొత్తగా వచ్చినవాళ్లకు నేను చెప్పే మొదటి పాఠం ఇది. ఆగిపోయిన రోబో వేరు, ఎదురుచూస్తున్న రోబో వేరు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఏళ్ల కిందట నేను పని చేసిన చోట ఒక సెల్ ఆగింది. నాతోటివాడు లోపలికి వెళ్లాడు, కరెంటు ఆపి తాళం వెయ్యకుండా, "ఒక్క నిమిషమే కదా" అని. సెన్సర్ మీద నూనె పడి ఉంది. గుడ్డ తీసి తుడిచాడు. రోబో దాని కోసమే నాలుగు నిమిషాలుగా ఎదురుచూస్తోంది. సెన్సర్‌కి చూపు రాగానే అది తన పని మొదలుపెట్టింది. అదృష్టం బాగుండి కిందకి వంగి ఉన్నాడు, చెయ్యి పైనుంచి వెళ్లింది. టోపీ పోయింది, అంతే. ఆ రోజు నుంచి నేను కరెంటు తాళం నా జేబులో లేకుండా గేటు దాటను.

1979 జనవరిలో మిచిగాన్‌లో జరిగింది కూడా ఇంచుమించు అలాంటిదే. కాస్టింగ్ ముక్కలు తీయడానికి ఒక కార్మికుడు అరల మీదకి ఎక్కాడు. రోబో చెయ్యి వెనక నుంచి వచ్చి తలకు కొట్టింది. రోబో చేతిలో చనిపోయిన మొదటి మనిషిగా అతని పేరే చెబుతారు.

అందుకని కొత్తబ్యాచ్ తమ్ముడూ, పెద్దమ్మ అని పేరు పెట్టుకో, వద్దనను. కానీ "పెద్దమ్మ అలిగింది" అని లోపలికి వెళ్లకు. అలగలేదు. దేనికోసమో చూస్తోంది.

కొత్తబ్యాచ్22
ఒళ్లు జలదరించింది అన్నా. నిజం చెప్పాలంటే గేటు మీంచి చెయ్యి పెట్టి ట్రే సర్దిన రోజులు ఉన్నాయి. ఇక పెట్టను.

లైన్‌లీడర్
ఏ షిఫ్ట్ నువ్వు?

గోడమీదపిల్లి
చెప్పకు తమ్ముడూ. ఆయన మీ లైన్‌లీడరే అయితే?

నిప్పురవ్వ
ఇందాకటి నుంచి చదువుతూ ఉన్నాను. నాకు ఒకటి అర్థమైంది. నేను సుఖంగా ఉన్నానంటే కంచె వల్ల కాదు. నేను ప్యానెల్ పెట్టి, బయటికొచ్చి, గేటు వేసి, బటన్ నొక్కితేనే అది మొదలవుతుంది. నొక్కేది నేను. ముక్కు తుడుచుకుని నొక్కుతాను, మంచినీళ్లు తాగి నొక్కుతాను. నా దగ్గర ఏ స్క్రీనూ లేదు. ఉంటే నేను కూడా నీలాగే ఏడ్చేవాణ్ని అమ్మా. కొత్త చెప్పు మాట వెనక్కి తీసుకుంటున్నా.

అరకొరపరిశోధన
బాబాయ్ గారి మాట నాకు నచ్చింది, కానీ దానికి అడ్డం వచ్చే ప్రయోగం కూడా ఒకటుంది, దాచడం న్యాయం కాదు. ఎంఐటీ వాళ్లదే, 2014 ప్రాంతంలో. ఇద్దరు మనుషులు, ఒక రోబో. ఎవరు ఏ పని చెయ్యాలో ఒకసారి మనిషి నిర్ణయించాడు, ఒకసారి సగం సగం, ఒకసారి మొత్తం రోబోకే వదిలేశారు. పని బాగా నడిచిందీ రోబోకి వదిలేసినప్పుడే, మనుషులు ఎక్కువ ఇష్టపడిందీ అదే. కాబట్టి అధికారం చేతిలో ఉంటేనే మనిషికి సుఖం అనుకోవడం కూడా పూర్తిగా సరికాదు.

స్పానర్‌స్వామి
అందులో ఆశ్చర్యం ఏముంది? పనులు ఎవరికి పంచాలా అన్నది తలనొప్పి. ఆ తలనొప్పి ఎవరు తీసుకున్నా దండం పెడతాం. ఎవరు చెయ్యాలో రోబో చెబితే ఫర్వాలేదు. నేను ఎప్పుడు ఊపిరి పీల్చాలో చెబితేనే చిక్కు.

భూతద్దం
ఈ వాక్యం రాసి మా సెల్ గోడకు అంటించుకుంటాను.

పెండెంట్_ప్రసాద్
మూడోస్టేషన్ గారూ, మాటలు చాలు, పనికొచ్చేది చెప్తాను. మీ దగ్గర రోబో మార్చక్కర్లేదు, ఖర్చు కూడా పెద్దగా లేదు. మీ ప్రోగ్రామర్‌ని ఇవి అడగండి.

ఆ స్క్రీన్ మెయింటెనెన్స్ పాస్‌వర్డ్ వెనక్కి పంపమనండి. లెక్క పోదు, లోపల ఉంటుంది, లైన్‌లీడర్ గారికి కావాలంటే కంప్యూటర్‌లో చూసుకుంటారు. మీ కళ్ల ముందు వెలుగుతూ ఉండాల్సిన అవసరం లేదు. తర్వాత, ఫిక్స్చర్‌లో నేరుగా పెట్టడం మానేసి మధ్యలో చిన్న ట్రే పెట్టించండి. రోబో ట్రేలో నింపుతూ పోతుంది, మీరు మీ తీరున తీసుకుంటారు. స్వామి చెప్పిన బల్ల అదే. ఇది కుదిరితే సగం బాధ పోతుంది. కదలడానికి అర సెకను ముందు దీపం వెలిగించడం రెండు లైన్ల ప్రోగ్రామ్. మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎగరకుండా యాక్సిలరేషన్ తగ్గించమనండి. మొత్తం టైమ్‌లో ఒక సెకను కూడా పోదు, కానీ చూడ్డానికి వేరే రోబోలా ఉంటుంది.

చివరిది కొంచెం వింతగా ఉంటుంది. ఒకరోజు దానికి మీరే నేర్పండి. చెయ్యి పట్టుకుని తిప్పితే కోబాట్ దారి గుర్తుపెట్టుకుంటుంది. హౌసింగ్ ఎటు నుంచి వస్తే మీకు బాగుంటుందో మీరే పట్టుకుని చూపించండి. తర్వాత నేను సరిచేస్తాను, అంటే మీ ప్రోగ్రామర్ సరిచేస్తాడు.

లైన్‌లీడర్
ట్రే పెడితే మధ్యలో సరుకు నిలవ పెరుగుతుంది. మా దగ్గర అది తప్పు కింద రాస్తారు.

స్పానర్‌స్వామి
తిరగేసి వేసిన సీల్‌తో పంపు వెళ్లి తిరిగొస్తే దేని కింద రాస్తారు సార్?

లైన్‌లీడర్
…అది కూడా నా పేరు మీదే రాస్తారు.

గోడమీదపిల్లి
ఈ మనిషి మీద నాకు మొదటిసారి జాలేసింది.

మూడోస్టేషన్
*(పదిహేడు రోజుల తర్వాత)*

ఏమైందో చెప్పమని ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు, అందుకని రాస్తున్నాను.

స్క్రీన్ తీసేశారు. అడగడానికి భయపడ్డాను గాని, మా ప్రోగ్రామర్ వెంటనే "అయ్యో, అది ఇంకా ఉందా" అన్నాడు. అచ్చం ప్రసాద్ అన్నలాగే. దీపం పెట్టాడు. ట్రే కోసం వారం పట్టింది, పై నుంచి సంతకాలు కావాలట. ఆరు గుంటల ట్రే పెట్టారు. చెయ్యి పట్టుకుని నేర్పడం కూడా అయింది. దాన్ని పట్టుకుని తిప్పుతుంటే వింతగా ఉంది, బరువే లేదు, నీళ్లలో కర్ర తిప్పినట్టు. ముందు అది నా ఎడమ చెవి పక్కనుంచి వచ్చేది. ఇప్పుడు ఎదురుగా, బల్ల అంచు మీదుగా వస్తుంది. అది ఎక్కడుందో ఇక తల తిప్పి చూడక్కర్లేదు.

ట్రే వచ్చాక సీల్ తిరగేసింది ఒక్కటీ లేదు. రోజుకు ఎనిమిదో తొమ్మిదో పీసులు ఎక్కువే వస్తున్నాయి, నేను వేగం పెంచిందేమీ లేదు. భుజాలు వదులయ్యాయి.

ఇంకొకటి ఉంది, రాయాలా వద్దా అనుకున్నాను. టెన్షన్ తగ్గాక గాని తెలియలేదు. ఆ హౌసింగ్‌లు ఇదివరకు ఒక అక్క అందించేది. ఆరేళ్లు. బోల్టులు బిగిస్తూ మాట్లాడుకునేవాళ్లం. ఆమె పిల్లల చదువు, మా ఇంట్లో గొడవలు, ఎవరికి పెళ్లి కుదిరింది, అన్నీ. రోబో వచ్చాక ఆమెను ప్యాకింగ్‌కి పంపారు. ఉద్యోగం పోలేదు, జీతం అంతే. కానీ నా పక్కన రోజుకు ఎనిమిది గంటలు మాట లేదు. ఇంతకాలం ఆ పసుపు దీపం మీద కోపంతో ఇది కనబడలేదు.

భూతద్దం
దీనికి నా దగ్గర ఏమీ లేదండీ. మాకు కూడా అలాగే అయింది. క్యాంటీన్‌లో కలుస్తాం, కానీ పని చేస్తూ మాట్లాడుకోవడం వేరు.

అరకొరపరిశోధన
2022లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికాలో రోబోలు ఎక్కువ వచ్చిన చోట్ల పనిలో గాయాలు తగ్గాయి, కానీ మద్యం, మత్తుమందులతో జరిగే మరణాలు పెరిగాయి. జర్మనీలో ఒంటి మీద భారం తగ్గింది గాని మనసు మీద అలాంటి దెబ్బ కనబడలేదు. అక్కడ ఉద్యోగం ఊడకుండా చట్టం గట్టిగా ఉండటం ఒక కారణం కావచ్చన్నారు. పక్కనున్న మనిషి పోవడం గురించి మాత్రం అందులో లెక్క లేదు.

నిప్పురవ్వ
నాకు మటుకు పక్కన మాట్లాడేవాడు ఎప్పుడూ లేడు. వెల్డింగ్ చప్పుడులో ఎవడు వినబడతాడు? నాకు పోయినదేమీ లేదు కాబట్టి సుఖంగా ఉన్నానేమో.

కొత్తబ్యాచ్22
అక్కా, ఆ అక్కను మళ్లీ మీ పక్కకు అడగొచ్చు కదా? ఇప్పుడు ట్రే ఉంది, ఇద్దరు కూర్చునే చోటు ఉంటుందేమో.

మూడోస్టేషన్
టెస్టింగ్ స్టేషన్ నా ఎదురుగానే ఉంది, అక్కడ ఒక మనిషి తక్కువ. అడిగాను. చూస్తామన్నారు.

లైన్‌లీడర్
ఒక ప్రశ్న. ఆ ట్రే ఆరు గుంటలు సరిపోతున్నాయా? మా దగ్గర కూడా ఒక స్టేషన్‌లో పెట్టి చూద్దామనుకుంటున్నాను.

మూడోస్టేషన్
సరిపోవట్లేదు సార్. మంచినీళ్లకు వెళ్లొస్తే నిండిపోతుంది. ఎనిమిది పెట్టించండి. గుంటల మధ్య వేలు దూరేంత సందు ఉంచమనండి, మాకు అది ఉంచలేదు, తీసేటప్పుడు గోళ్లు పోతున్నాయి.

పెండెంట్_ప్రసాద్
అంచు కొంచెం వాలుగా చెక్కిస్తే గోళ్లు పోవు. డ్రాయింగ్ ఉంది నా దగ్గర, ఇద్దరికీ పంపుతాను.